విజయనగరం, శ్రీకాకుళం నాలుగు రోజుల్లో: ఎక్కడ ఉండాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. హైదరాబాద్ నుంచి నలుగురు వస్తున్నారు, మీరు, మీ ఆవిడ, డెబ్భై దాటిన అమ్మగారు, ఏడో తరగతి బాబు. డిసెంబర్ చివర్లో నాలుగు రోజులు. వైజాగ్‌లో రూమ్ తీసుకుని రోజూ పొద్దున్నే కార్లో బయల్దేరి విజయనగరం కోట, రామతీర్థం, బొబ్బిలి, అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ముఖలింగం, తేలినీలాపురం పక్షులు, మధ్యలో ఒక రోజు అరకు కూడా పెట్టుకోవచ్చా అని అడిగారు. కోటకి ఒక గంట సరిపోతుందా అని కూడా అడిగారు. మాది విజయనగరమే, ఇంటికొచ్చిన చుట్టాల్ని, స్నేహితుల్ని ఏళ్ళ తరబడి ఈ రెండు జిల్లాలూ తిప్పుతున్నాను కాబట్టి నాకు తెలిసింది మొత్తం చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి మాట, వైజాగ్‌లో రూమ్ వద్దు. వైజాగ్ నుంచి విజయనగరం అరవై కిలోమీటర్ల చిల్లర, విజయనగరం నుంచి శ్రీకాకుళం ఇంకో డెబ్భై, అక్కడి నుంచి ముఖలింగం మరో నలభై ఐదు దాకా ఉంటుంది. అంటే ముఖలింగం చూసి రాత్రికి వైజాగ్ చేరాలంటే అమ్మగారికి ఆ రోజంతా కార్లోనే అయిపోతుంది. రెండు రాత్రులు విజయనగరంలో, రెండు రాత్రులు శ్రీకాకుళంలో ఉండండి. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్ల చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ జంక్షన్ వరకు ఫ్యామిలీకి పనికొచ్చే లాడ్జీలు, హోటళ్ళు దొరుకుతాయి. వైజాగ్‌లో ఉన్నంత లగ్జరీ ఉండదు గానీ శుభ్రంగానే ఉంటాయి, పైగా పొద్దున్న ఆరింటికి గుడి దగ్గర ఉండాలంటే రూమ్ నుంచి పది నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు.

రెండో మాట, అరకు తీసేయండి. అరకు బాగోదని కాదు, అది వేరే ట్రిప్పు, దానికి దాని రోజులు కావాలి. తేలినీలాపురం కూడా ఈసారికి పక్కన పెట్టండి, అది టెక్కలి అవతల, మీ దారికి దూరం. డిసెంబర్‌లో అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉంటాయి, చూడదగ్గదే, కానీ దాని కోసం ముఖలింగంలో టైమ్ తగ్గించుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు, ఎందుకో కింద చెప్తాను.

ఇక అసలు విషయం. మా వైపు ప్లాన్ వేసేటప్పుడు చాలామంది మ్యాప్‌లో దూరాలు చూసి వేస్తారు, కానీ వేళ చూసి వేయాలి. ఇక్కడ గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం పూట మూసేస్తారు, మళ్ళీ సాయంత్రం తెరుస్తారు. కొండల మీదున్న బౌద్ధ స్థలాలకి పన్నెండు నుంచి మూడు వరకు నీడ ఉండదు, డిసెంబర్‌లో కూడా ఎండ చురుక్కుమంటుంది. కోట లోపల కాలేజీలు నడుస్తాయి. కాబట్టి పొద్దున్న ఒక ముఖ్యమైన చోటు, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం భోజనం చేసీసి అమ్మగారు నడుం వాల్చేలా రూమ్. ఈ లెక్కన వేసుకుంటే రోజుకి రెండు, మహా అయితే మూడు చోట్లు. తక్కువ అనిపిస్తుంది గానీ బాబుకి పదేళ్ళ తర్వాత కూడా గుర్తుండేవి ఇవే.

మొదటి రోజు పొద్దున్న రామతీర్థం వెళ్ళండి. ఊరి నుంచి నెల్లిమర్ల మీదుగా పన్నెండు కిలోమీటర్లు. కింద రామస్వామి గుడి, పక్కన పెద్ద చెరువు, చుట్టూ నున్నటి బండరాతి కొండలు. అందరూ దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేస్తారు, పక్కన గురుభక్తుల కొండ మీద బౌద్ధ స్తూపం, చైత్యాలు అంటే ప్రార్థన మందిరాలు, భిక్షువులు ఉండే విహారాల పునాదులు ఉన్నాయని చాలామందికి తెలీదు. వంద ఏళ్ళ క్రితమే ఆర్కియాలజీ వాళ్ళు తవ్వి బయటపెట్టిన చోటు అది, శాతవాహనుల కాలం నాణెం కూడా దొరికింది. ఇదే చోట కొండల్లో జైన తీర్థంకరుల శిల్పాలూ ఉన్నాయి, తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం శాసనం ఉంది, అందులో దీన్ని రామకొండ అనే అన్నారు. బౌద్ధులు, జైనులు, రామభక్తులు ఒకే కొండల వరసని నమ్ముకుని బతికారు, అది అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అమ్మగారిని, మీ ఆవిడని కింద గుడి దగ్గర ఉండమని మీరు, బాబు ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి, నీళ్ళు తీసుకెళ్ళండి, పైన ఏమీ దొరకవు. తొమ్మిదిన్నరకి దిగిపోతే సరిపోతుంది.

మధ్యాహ్నం రెస్ట్. నాలుగు నుంచి ఊళ్ళో నడక, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. కోట 1713లో కట్టింది, చదరంగా ఉంటుంది, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు పది మీటర్ల దాకా. మావాళ్ళందరూ చెప్పుకునేది ఏంటంటే ఐదు విజయాలు కలిసొచ్చేలా ముహూర్తం పెట్టారని, విజయదశమి పండగ, విజయ నామ సంవత్సరం, జయవారం అంటే మంగళవారం, ఇలా. అంతకు ముందు ఇక్కడి రాజులు, పూసపాటి వాళ్ళు, కుమిలిలో ఉండేవాళ్ళు. తూర్పు వైపున్న నగారాఖానా గేటు ముందు కాసేపు ఆగండి, పైకి చూడండి, పనితనమంతా అక్కడే ఉంది. పడమటి గేటు చిన్నది, సాదాగా ఉంటుంది. రాజుల కోట అనగానే లోపల మ్యూజియం, టికెట్ కౌంటర్ ఉంటాయనుకుని వచ్చి నిరాశపడే వాళ్ళున్నారు. లోపల మాన్సాస్ ట్రస్టు కాలేజీలున్నాయి, 1958లో ఆ రాజవంశానికి చెందిన పీవీజీ రాజు గారు పెట్టిన ట్రస్టు అది. క్లాసులు జరుగుతుంటే గేటు దగ్గర అడిగి, వాళ్ళు ఎంతవరకు వెళ్ళమంటే అంతవరకే వెళ్ళండి, అమ్మాయిల కాలేజీ వైపు ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీయకండి. నాకైతే కోటలో పిల్లలు చదువుకోవడమే బాగుంటుంది. ఈ ఊరికి విద్యల నగరం అన్న పేరు ఊరికే రాలేదు.

కోటకి గంట సరిపోతుందా అంటే, గోడలకి సరిపోతుంది. కానీ కోట చుట్టూ ఉన్నదంతా కలిపితేనే కోట. ఎదురుగా ఉన్న బొంకుల దిబ్బ పేరు బాబుకి చెప్పండి, గురజాడ కన్యాశుల్కం మొదలయ్యేది అక్కడే. ఆ నాటకం మొదటిసారి ఆడింది కూడా ఈ ఊళ్ళోనే, 1892లో. అక్కడి నుంచి మూడు లాంతర్ల జంక్షన్, పక్కనే పైడితల్లి అమ్మవారి చదురు గుడి, ఇంకాస్త నడిస్తే గంట స్తంభం, 1885 నాటిది, ఎనిమిది పలకల కట్టడం, చుట్టూ బజారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్మవారి గుడికి చేరేలా చూసుకోండి.

పైడితల్లి కథ తెలీకుండా విజయనగరం అర్థం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది, ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయనతో విజయనగరం రాజు, ఇంకోవైపు బొబ్బిలి వాళ్ళు. బొబ్బిలి కోట పడిపోయింది, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెద విజయరామరాజుని ఆయన డేరాలోనే పొడిచి చంపాడు. ఆ రాజు చెల్లెలే పైడిమాంబ అని, అన్న పోయాడన్న వార్త విని ప్రాణం విడిచిందని, తర్వాత పెద్ద చెరువులో విగ్రహంగా దొరికిందని ఇక్కడి నమ్మకం. దసరా వెళ్ళిన తర్వాత మంగళవారం సిరిమానోత్సవం చేస్తారు, పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే దాన్ని బండి మీద గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిప్పుతారు, ముందు తెల్ల ఏనుగు, పాలధార, జాలరి వల నడుస్తాయి. ముందు రోజు తొలేళ్ళు. ఆ టైమ్‌కి లక్షల్లో జనం వస్తారు, మీరు ఎప్పుడైనా అక్టోబర్‌లో రావాలనుకుంటే అది చూడటానికే రండి, అమ్మగారితో మాత్రం కాదు. అక్టోబర్ అంటే ఇంకో సంగతి, తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. డిసెంబర్ ఎంచుకోవడం మంచి పని చేశారు.

రెండో రోజు వీక్‌డే అయ్యేలా చూసుకోండి. పొద్దున్న గురజాడ వారి ఇల్లు. కోటకి దగ్గర్లోనే, పాత కాలం మేడ, ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు, పుస్తకాలు ఉంటాయి, అరగంట చాలు. తర్వాత మహారాజా సంగీత కళాశాల. 1919లో మొదలైంది. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ అబ్బాయి సంగీతం నేర్చుకోవడానికి దారి చూపించమని అడిగితే మహారాజు ఏకంగా కాలేజీనే పెట్టించారని చెప్తారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన తర్వాత వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్న వాళ్ళే. బిల్డింగ్ చూడ్డానికి మామూలుగా ఉంటుంది, మీ అమ్మగారికి పాత పాటలంటే ఇష్టమని రాశారు కదా, పొద్దున్న క్లాసుల టైమ్‌లో ఆఫీసులో అడిగి వరండాలో కాసేపు కూర్చోనివ్వండి, ఒక గదిలో వీణ, ఇంకో గదిలో మృదంగం, మరో గదిలో సరళీ స్వరాలు వినిపిస్తుంటాయి. ఆవిడకి ఈ నాలుగు రోజుల్లో ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. మధ్యాహ్నం బొబ్బిలా, పొందూరా? రెండూ ఒకే రోజు వద్దు. బొబ్బిలి అరవై కిలోమీటర్ల లోపు, యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం, వేణుగోపాలస్వామి గుడి, రాజావారి కోట ఉన్నాయి, కానీ నన్నడిగితే బొబ్బిలి వెళ్ళేది గొల్లపల్లి కోసం వెళ్ళాలి. వీణలు చేసేది అక్కడ. పనస చెక్క ఒక్క దుంగ తీసుకుని కుండ, దండి అన్నీ అందులోనే తొలుస్తారు, అతుకు ఉండదు, అందుకే ఏకాండి వీణ అంటారు. పని జరుగుతుంటే కూర్చుని చూడొచ్చు, చిన్న బొమ్మ వీణలు కొనుక్కోవచ్చు. పొందూరు అయితే శ్రీకాకుళం వెళ్ళే వైపే, చీపురుపల్లి దాటాక వస్తుంది, ఎలాగూ ఆ రోజు సాయంత్రం శ్రీకాకుళం మారాలి కాబట్టి మీకు అదే కలిసొస్తుంది. నేనైతే పొందూరే అంటాను, బాబు కోసం. అక్కడ సన్న ఖద్దరు నేస్తారు, కొండపత్తి తీసుకుని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ చిన్న చిన్న పళ్ళ మధ్య నుంచి పత్తి నలక లేకుండా శుభ్రమవుతుంది, తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, చరఖా మీద నూలు వడుకుతారు. వందో నంబరు నూలు, అంటే అంత సన్నటి పోగు, చేత్తో వస్తుందంటే చూసేదాకా నమ్మలేం. గాంధీగారు మెచ్చుకున్న బట్ట ఇది. వడికేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళు, పలకరిస్తే ఓపిగ్గా చూపిస్తారు, బేరం మాత్రం ఆడకండి, ఒక పంచె వెనక ఎంత మంది ఎన్ని రోజులు చేస్తారో కళ్ళారా చూశాక మీకే ఆడాలనిపించదు. ఖాదీ సంఘం షాపులో కొంటే అసలైనది దొరుకుతుంది. ఆదివారం కాకుండా చూసుకోండి.

మూడో రోజు అరసవల్లి. శ్రీకాకుళం ఊరికి ఆనుకునే ఉంటుంది, సూర్యనారాయణ స్వామి. మార్చి 9 నుంచి 11, అక్టోబర్ 1 నుంచి 3, ఈ రోజుల్లో పొద్దున్న సూర్యకిరణాలు గుడి దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి, డిసెంబర్‌లో అది కనపడదు, ముందే చెప్తున్నాను. ఆదివారం, రథసప్తమి విపరీతమైన రష్. మామూలు రోజున ఆరు, ఆరున్నరకి వెళ్తే ప్రశాంతంగా దర్శనం అయిపోతుంది. టిఫిన్ చేసీసి శ్రీకూర్మం, పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు. విష్ణుమూర్తి కూర్మావతారానికి గుడి, స్వామి పడమటి వైపు చూస్తుంటారు, రెండు ధ్వజస్తంభాలుంటాయి. చాలామంది తాబేళ్ళు చూసి ఫొటో దిగి వచ్చేస్తారు, మీరు ప్రదక్షిణ మండపంలో మెల్లగా తిరగండి. నల్లరాతి స్తంభాల నిండా శాసనాలు, ఎక్కువ తెలుగులోనే, గంగ రాజుల కాలం నుంచి. పాత తెలుగు అక్షరాలు ఎలా ఉండేవో బాబుకి చూపించండి, ఒకటో రెండో అక్షరాలు గుర్తుపడితే వాడు ఇక అక్కడి నుంచి కదలడు. గోడల మీద రంగుల బొమ్మలున్నాయి, కొన్ని మాసిపోయాయి, దయచేసి చెయ్యి పెట్టనివ్వకండి. ఇక్కడ పితృకర్మలు కూడా చేయిస్తారు, అమ్మగారికి అలాంటి ఆలోచన ఉంటే ముందు రోజే గుడి ఆఫీసులో కనుక్కోండి.

మధ్యాహ్నం వెనక్కి శ్రీకాకుళం. మూడింటికి శాలిహుండం బయల్దేరండి. వంశధార ఒడ్డున కొండ, మెట్లున్నాయి, ఎక్కడం కష్టం కాదు గానీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పి అన్నారు కాబట్టి ఆవిడని కిందే ఉంచండి. స్తూపాలు, చైత్యగృహాలు, బండిచక్రం ఆకారంలో ఇటుకలు పేర్చిన స్తూపం పునాది కనపడతాయి. తార, మారీచి లాంటి తర్వాతి కాలపు బౌద్ధ దేవతల విగ్రహాలు ఇక్కడ దొరికాయి, అంటే బౌద్ధం చాలా శతాబ్దాలు, రూపం మారుతూ మారుతూ ఇక్కడ నిలిచిందన్నమాట. దీన్ని 1919లో కనిపెట్టి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష గిడుగు గారే! ఆయన, గురజాడ విజయనగరం మహారాజా వారి స్కూల్లో కలిసి చదువుకున్నారు. ఒకాయన ఇల్లు నిన్న చూశారు, ఇంకొకాయన వెతికి పట్టుకున్న కొండ ఇవాళ ఎక్కారు, మనం ఇలా మాట్లాడుకున్నట్టే రాసుకోగలుగుతున్నామంటే వాళ్ళిద్దరి పోరాటం ఉంది. నా దృష్టిలో ఈ రెండు ఊళ్ళని కలిపి చూడాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పైనుంచి నది వంపు, దూరంగా సముద్రం వైపు తీరం కనిపిస్తాయి, పాత రోజుల్లో కళింగపట్నం రేవుకి వచ్చిపోయే వర్తకుల దారిలోనే ఈ ఆరామం ఎందుకు కట్టారో అర్థమైపోతుంది. దిగాక కళింగపట్నం బీచ్‌కి వెళ్ళండి, లైట్ హౌస్ ఉంది, వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, నది కలిసే చోట లాగుడు ఉంటుంది, బాబుని చెయ్యి పట్టుకునే ఉండండి.

నాలుగో రోజు మొత్తం శ్రీముఖలింగానికి. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకి అక్కడుంటారు. తూర్పు గంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదేనని ఎక్కువమంది చరిత్రకారుల మాట, 12వ శతాబ్దంలో చోడగంగ దేవుడు రాజధానిని కటకానికి మార్చే వరకు. ఇప్పుడది చిన్న పల్లె, నది ఒడ్డున. ఊళ్ళో మూడు గుళ్ళు, మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. కళింగ శైలి, అంటే మనం తెలుగు దేశంలో మామూలుగా చూసే గోపురాలు కావు, ఒడిశా వైపు కనిపించే ఎత్తైన రేఖా శిఖరం. ముందు సోమేశ్వరాలయం చూడండి, ఊరి మొదట్లోనే ఉంటుంది, ముందు మండపం లేదు, ఒంటరిగా శిఖరం ఒక్కటే లేచి ఉంటుంది. ద్వారం పక్కన గంగ, యమున, పైన నవగ్రహాలు, గోడల మీద శిల్పాలు ఎంత సన్నగా చెక్కారంటే ఆ పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడే అవన్నీ బయటికొస్తాయి, పదిన్నర దాటితే ఎండ నెత్తి మీదికొచ్చి అంతా చదునుగా అయిపోతుంది. పొద్దున్నే వెళ్ళమని పోరేది అందుకే. తర్వాత మధుకేశ్వరుడి గుడి, పూజలు జరిగేది ఇక్కడ, లోపల ప్రాకారంలో నాలుగు మూలలా చిన్న గుళ్ళు, వారాహి అమ్మవారు, గోడల్లో ఎన్నో మూర్తులు. గర్భగుడిలో ఉన్న పెద్ద మట్టి గోలెం కథ పూజారి గారిని అడగండి, ఆయన చెప్తేనే బాగుంటుంది. గిడుగు గారు ఈ గుళ్ళ శాసనాలు సొంతంగా చదువుకుని ఆ విషయాల మీద వ్యాసాలు రాశారు, ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఇక్కడికి దగ్గరే.

ఇక్కడ పెద్ద హోటళ్ళు లేవు. టిఫిన్ శ్రీకాకుళంలోనో నరసన్నపేటలోనో చేసీసి, మధ్యాహ్నానికి పులిహోర లాంటిది కట్టించుకోండి, లేదా పన్నెండున్నరకి బయల్దేరి నరసన్నపేటలో తినండి. దారిలో ఉడకబెట్టిన తేగలు కనిపిస్తే కొనండి, డిసెంబర్, జనవరిల్లోనే దొరుకుతాయి. చోడి అంబలి అడిగి చూడండి, చిన్న హోటళ్ళలో కొన్నిచోట్ల ఇస్తారు, హైదరాబాద్‌లో రాగి జావ అంటారు గానీ మా వైపు రుచి వేరు.

కారు సంగతి. వైజాగ్ నుంచి నాలుగు రోజులకి మాట్లాడుకునే కంటే ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే రోజువారీ మాట్లాడుకోండి, లోకల్ డ్రైవర్‌కి గుడి వేళలు, రోడ్లు తెలుస్తాయి. హోటల్ వాళ్ళనే అడిగితే పిలిపిస్తారు, కిలోమీటర్ రేటా, రోజు రేటా, ఆగి ఉన్న టైమ్‌కి విడిగా తీసుకుంటారా, ఈ మూడూ ముందే తేల్చుకోండి. విజయనగరం ఊళ్ళో తిరగడానికి ఆటో చాలు, గంట స్తంభం దగ్గర కారు పార్కింగ్ దొరకదు. గుడి వేళలు పండగల్ని బట్టి మారుతుంటాయి, ధనుర్మాసం కూడా కాబట్టి వైష్ణవాలయాల్లో తెల్లవారుజామునే పూజలు మొదలవుతాయి, ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

టికెట్ల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి, రాను విజయనగరం జంక్షన్‌కి, పోను శ్రీకాకుళం రోడ్ నుంచి బుక్ చేసుకోండి, వెనక్కి వైజాగ్ వచ్చి ఎక్కక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆముదాలవలసలో ఉంటుంది, ఊరి నుంచి అరగంట పెట్టుకోండి. సాయంత్రం రైలైతే, వెలుతురు ఉండగా ఆముదాలవలస చేరగలిగితే దన్ననపేట దగ్గర పొలాల్లో ఉన్న రాకాసి గూడు చూడొచ్చు, ఇనప యుగం నాటి సమాధి, పైన కప్పిన బండ ఒక్కటే రాయి. అక్కడ గేటూ లేదు టికెట్టూ లేదు, ఊళ్ళో ఎవరినడిగినా చూపిస్తారు. అప్పటికి అమ్మగారు అలిసిపోయి ఉంటే అది వదిలేసి నేరుగా స్టేషన్‌కి వెళ్ళిపోండి. డేట్లు ఖాయం అయ్యాక ఇక్కడే రాయండి, ఏ రోజు ఏ వారం పడుతుందో చూసి వరస మార్చాలంటే చెప్తాను, ముఖ్యంగా సంగీత కళాశాల రోజు, పొందూరు రోజు.